నిష్కంటక డౌన్‌లోడ్ పథకంలో మొదటి లబ్ధిదారు

ఇకమీదట ఈ ప్రాంతంలో ఏ పౌరుడూ తప్పు బటన్ నొక్కే ప్రసక్తే లేదని, ఒకవేళ నొక్కినా ప్రభుత్వ అనుమతితోనే నొక్కుతాడని మంత్రిగారు మా గ్రంథాలయం మెట్లమీద నిలబడి ప్రకటించారు. నిజానికి మైకు లోపల పెట్టారు. కాని లోపల 'మాట్లాడరాదు' అని బోర్డు ఉంది. దాన్ని చూసి మంత్రిగారు మైకుతో సహా బయటికి వచ్చేశారు. నిబంధనలంటే ఆయనకెంత గౌరవమో తెలియనివాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

పథకం పేరు 'నిష్కంటక డౌన్‌లోడ్'. పేరు పలకడానికి నోరు తిరగడం లేదని ఒక విలేకరి అంటే, మంచి పనులకు మొదట్లో ఎవరికీ నోరు తిరగదని ఆయన సెలవిచ్చారు.

ఇంటర్నెట్‌లో ఫైళ్ళు దాచుకుని పదిమందితో పంచుకునే వెబ్‌సైట్లు ఉంటాయి. పైసా తీసుకోరు. మనకు కావలసిన ఫైలు అక్కడ ఒకటే ఉంటుంది. దాని చుట్టూ 'డౌన్‌లోడ్' అని రాసిన బటన్లు మాత్రం పెళ్ళిపందిరిలో దీపాల్లా వెలుగుతుంటాయి. అందులో ఒక్కటే అసలుది. మిగతావన్నీ ప్రకటనలు. వాటిని నొక్కితే ఏమవుతుందో మంత్రిగారు స్వయంగా పరిశోధించారు. మనవరాలి పుట్టినరోజు ఫొటోలకోసం ఆయన ఒక పచ్చబటన్ నొక్కగానే, బరువు తగ్గే మాత్రల ప్రకటన ఆయన పేరుమీద పార్టీ పెద్దలందరి ఫోన్లకూ వెళ్ళింది. వాళ్ళలో బాగా లావుపాటాయన ఒకరు అది తనమీదే వేసిన చెణుకు అనుకుని మాట్లాడటం మానేశారు. అంతవరకు చిన్నాచితకా ఇబ్బందిగా ఉన్న విషయం ఆ సాయంత్రానికల్లా ప్రజాసమస్య అయింది.

నేను ఆ రోజు మెట్ల కింద నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను. నాకూ ఒక ఫైలు కావాలి మరి.

చిన్నప్పుడు మా అక్క నాకొక కథ చెప్పేది. పుస్తకంలోది కాదు, సొంతంగా అల్లింది. తాళాలు బాగుచేసేవాడి కూతురు ఒక పాడుబడ్డ కోటలో చిక్కుకుపోతుంది. ఒక్కో తలుపు తాళమూ తీసుకుంటూ లోపలికి పోతుంది. చివరి తలుపు దగ్గరికి వచ్చేసరికి, లోపలినుంచి ఎవరో తలుపు కొడుతుంటారు. కథ అక్కడికి రాగానే అక్కకు పెళ్ళయిపోయింది. బస్సు కదులుతుంటే కిటికీ పక్కనే పరిగెత్తుతూ, లోపల ఎవరే అని అడిగాను. తర్వాత చెప్తాలే అంది. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా చుట్టూ మనుషులు ఎక్కువ, తీరిక తక్కువ. ఎవరిదో పెళ్ళి, లేకపోతే ఎవరో పోవడం. తిరిగి బయల్దేరేటప్పుడు గుమ్మంలో పట్టుకుని అడిగితే, తర్వాత చెప్తాలే అని నా బుగ్గ గిల్లి వెళ్ళిపోయేది. బుగ్గలు ముడతలు పడ్డాక కూడా గిల్లేది. ఆ కథ ఏ పుస్తకంలోనైనా ఉంటుందేమోనని నేను అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఈ గ్రంథాలయంలో చాలా బీరువాలు చదివాను. తలుపులు బోలెడు దొరికాయి గాని ఆ తలుపు దొరకలేదు.

మొన్న అక్క పోయింది. పోయే ముందు కొడుకు చేత మంచం పక్కన ఫోన్ పెట్టించి, దానికి చెప్తానన్నానురా అని వాణ్ణి బయటికి పంపేసి, కథంతా మొదటినుంచి చివరిదాకా చెప్పి రికార్డు చేసిందట. అది ఫోన్‌లో పంపడానికి వీల్లేనంత పెద్దదయింది. వాడు దాన్ని ఒక ఉచిత వెబ్‌సైట్‌లో పెట్టి, ఫోన్ నిండిపోయిందని ఫోన్‌లోంచి తీసేశాడు.

"నెలాఖరుదాకా అక్కడే ఉంటుంది పిన్నీ. ఆ తర్వాత వాళ్ళే చెరిపేస్తారు. ఈలోపు డౌన్‌లోడ్ నొక్కు, అంతే" అన్నాడు.

'అంతే' అని తేలిగ్గా అనేవాళ్ళంటే నాకు గుండెదడ. నువ్వే తీసి పంపరా అన్నాను. తీశాడు పాపం. వాడి ఫోన్‌లోకి దిగింది అక్క గొంతు కాదు, పేకాట. ఆ ఫోన్ ఇప్పటికీ రిపేరు షాపులో తనంతట తానే పేకాడుతోంది.

తర్వాత నేనే నా ఫోన్‌లో ఆ పేజీ తెరిచాను. నాకు కనిపించిందల్లా పూర్తిగా చదివే అలవాటు. 'మీ ఫోన్ ప్రమాదంలో ఉంది. ఇప్పుడే చర్య తీసుకోకపోతే మీ జ్ఞాపకాలన్నీ పోతాయి' అని ఎర్రక్షరాలు వచ్చాయి. అన్నీ పోతాయని నాకు ఎప్పటినుంచో అనుమానమే గాని ఇంత ఖచ్చితంగా ఎవరూ చెప్పలేదు. భయమేసి బయటికి రాబోతే మరో డబ్బా అడ్డం వచ్చింది. 'నిజంగానే వెళ్ళిపోతున్నారా? కాసేపు ఉండండి' అంది. ఆ మాటకు నేను ఆగిపోయాను. నన్నెవరూ అలా అడగరు. నేను అడిగినవాళ్ళు ఎవరూ ఆగలేదు. 'ఉంటాను' అని ఒక బటన్, 'వెళ్తాను' అని ఒక బటన్ ఉన్నాయి. 'ఉంటాను' నొక్కాను. వెంటనే డబ్బామీద డబ్బా వచ్చి పడింది. మర్యాదకు పోతే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. ఫోన్‌ను తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. లోపలినుంచి టింగుటింగుమంటూనే ఉంది.

అందుకని గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడ రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి పనిచేస్తుంది, రెండోది దానికి తోడు. ఇన్‌ఛార్జి మేడమ్‌ని మేమందరం ష్ మేడమ్ అంటాం. ఎవరు నోరు తెరిచినా ముక్కుమీద వేలేసుకుని 'ష్' అంటుంది. ఒకసారి వీధిలో పోతున్న ఫైరింజన్‌ను కూడా అందట. మనిషి మాత్రం వెన్న.

ఆవిడ నా లింకు తెరవగానే పేజీమీదికి ఒక ప్రకటన దూకింది. 'ఈ ఒక్క ఆకుతో పొట్ట మాయం.' మూలన చీమతలంత ఇంటూ గుర్తుంది. అది నొక్కితే పోతుంది కదా అన్నాను.

"అలా ఎలా పోగొడతాం పెద్దమ్మా? ఆఫీసుకొచ్చిన కాగితాన్ని చూడకుండా బుట్టలో వేస్తామా?" అని గుసగుసగా అడిగింది.

పథకం లోతు నాకప్పుడు అర్థమైంది. మంత్రిగారి శాఖలో తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. ఆఫీసుకు ఏది వచ్చినా దానికి నంబరు వేయాలి, అందినట్టు ముద్ర కొట్టాలి, జవాబు రాయాలి. జవాబు వెళ్ళేదాకా దాన్ని బల్లమీదనుంచి కదపకూడదు. ప్రభుత్వ కంప్యూటర్ తెర కూడా ప్రభుత్వ బల్లలాంటిదే కాబట్టి, దానిమీదికి వచ్చిన ప్రతి ప్రకటననూ టపాగా భావించాలని సర్క్యులర్ వచ్చింది. ప్రకటనలను ఇంతవరకు ఎవరూ పట్టించుకోకపోవడం వల్లనే అవి పదేపదే వస్తున్నాయని, మర్యాదగా ఒక జవాబిస్తే ఆగిపోతాయని మంత్రిగారి అభిప్రాయం. అర్జీదారులతో ఆయనకున్న అనుభవం అలాంటిది.

ష్ మేడమ్ పొట్ట ప్రకటనను ప్రింటు తీసి, నంబరు వేసి, 'అందినది' అని ముద్ర కొట్టింది. కాగితం ఒక పక్క ఎగరకుండా నేను పట్టుకున్నాను. ఆలోపు తెరమీద ఇంకోటి దూకింది. దాన్నీ ప్రింటు తీసింది. సాయంత్రానికి బల్లమీద ఒక దొంతర తయారైంది. మరి నా ఫైలు బటన్ సంగతేమిటని అడిగాను.

"అది తనంతట తాను మన దగ్గరికి రాలేదు కదా పెద్దమ్మా. మనమే దాని దగ్గరికెళ్ళాం. కాబట్టి అది టపా కాదు. టపా అంతా అయిపోయాకే మిగతాది."

"అంతా ఎప్పటికవుతుంది?"

"ష్" అంది. పక్కన ఎవరూ లేరు. ఆ ప్రశ్నకు ఆవిడ దగ్గరున్న జవాబు అదొక్కటే అనుకుంటాను.

శాఖవారి జవాబులు నేను కళ్ళారా చదివాను. ఒక్కొక్కటీ ముత్యం. 'మీ కంప్యూటర్ నెమ్మదిగా ఉందా?' అన్న ప్రకటనకు, 'ఉన్నది. ఈ విషయం పలుమార్లు పై అధికారుల దృష్టికి తీసుకువెళ్ళడమైనది' అని రాశారు. 'అభినందనలు! మీరు మా లక్షవ సందర్శకులు' అని వస్తే, గ్రంథాలయానికి లక్షమంది వస్తున్నారని లెక్కలో రాసుకుని, ష్ మేడమ్‌కు ఉత్తమ సేవా పత్రం పంపారు. మాకు కుర్చీలు పదమూడే ఉన్నాయి, అందులో రెండు విరిగినవి. ఈ జవాబులు పంపడానికి మళ్ళీ ఆ ప్రకటనలోనే 'ఇక్కడ నొక్కండి' అన్నచోట నొక్కాలి. రోజంతా ష్ మేడమ్ శ్రద్ధగా నొక్కేది. అనుమతితో నొక్కడమంటే మంత్రిగారు మెట్లమీద చెప్పిందేమిటో నాకు తేటపడింది.

'మీ ప్రాంతంలో ఒంటరి మహిళలు మీకోసం ఎదురుచూస్తున్నారు' అన్న ప్రకటనను మాత్రం మహిళా సంక్షేమశాఖకు బదిలీ చేశారు. మరుసటి వారమే ఒక ఆఫీసరమ్మ విచారణకు వచ్చింది. ప్రాంతమంతా గాలించగా గ్రంథాలయంలో నేనొక్కదాన్నే దొరికాను.

"మీరు ఒంటరేనా?"

"ఔనమ్మా."

"ఎదురుచూస్తున్నారా?"

"చూస్తున్నాను."

"ఎవరికోసం?"

"మా అక్క కోసం."

ఆవిడ ప్రకటనను మరోసారి చదివింది. అందులో 'మీకోసం' అని ఉందనీ, ఆ 'మీరు' శాఖవారే అవుతారు గాని అక్క అయ్యే అవకాశం లేదనీ విచారంగా చెప్పింది. తర్వాత ప్రకటనలో ఉన్న బొమ్మను నా పక్కన పెట్టి చూసింది. బొమ్మలో అమ్మాయికి పాతికేళ్ళు కూడా లేవు, ఒంటిమీద ఈతబట్టలు. ఆఫీసరమ్మ ఆ బొమ్మనూ నన్నూ చాలాసేపు పరిశీలించి, 'పోలిక పాక్షికం' అని రాసుకుని వెళ్ళిపోయింది. అంత నిష్పక్షపాతంగా విచారించే అధికారులు ఈ రోజుల్లో అరుదు.

ఈలోగా, మర్యాదగా జవాబులు అందుకున్న ప్రకటనలు తమ చుట్టపక్కాలను కూడా పంపడం మొదలుపెట్టాయి. ఒకటి వచ్చేచోట పది వచ్చాయి. ప్రింటరు వేడెక్కి పొగలు కక్కింది. నెలాఖరు దగ్గరపడుతోంది. ఆ పేజీ అడుగున, ప్రకటనల మధ్య సందులోంచి, 'ఈ ఫైలు త్వరలో తొలగించబడుతుంది' అన్న బూడిదరంగు వాక్యం నాకు కనబడుతూనే ఉంది. రాత్రిళ్ళు బీరువాలో ఫోన్ టింగుమన్నప్పుడల్లా ఎవరో లోపలినుంచి కొడుతున్నట్టే ఉండేది.

సమీక్షకు మంత్రిగారు స్వయంగా మా గ్రంథాలయానికి వచ్చారు. పెద్దబల్ల పిల్లల విభాగంలోనే ఉండటంతో పిల్లల కుర్చీలోనే కూర్చున్నారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నా ముఖంలో గాంభీర్యం చెదరలేదు. ఆయన పి.ఏ. లెక్కలు చదివాడు. పథకం మొదలుపెట్టాక టపా పదింతలు పెరిగిందట. మంత్రిగారు తృప్తిగా తలాడించి, ఇంతటి ప్రజాస్పందన ఏ పథకానికీ రాలేదన్నారు.

నేను లేచి నిలబడి, నా ఫైలు సంగతి చెప్పబోయాను. అలవాటు చొప్పున ష్ మేడమ్ 'ష్' అంది. నేను ఆగలేదు గాని మంత్రిగారు ఠక్కున ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో నా గోడంతా చెప్పుకున్నాను. అక్క, బస్సు, కోట, చివరి తలుపు, నెలాఖరు. ఆయన చిన్నకుర్చీలోనే కొంచెం ముందుకు వంగి విన్నారు.

"లోపల ఎవరున్నారమ్మా?" అని అడిగారు.

"అది తెలుసుకుందామనే బాబూ."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. పి.ఏ. వెంటనే ఫొటో తీయించాడు.

ఆ సమావేశానికి ఇంకొకాయన కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో లాప్‌టాప్, మాట మహా మెత్తన. శాఖవారు ఒక ప్రకటనకు జవాబులో 'తదుపరి చర్చలకై స్వయంగా హాజరు కాగలరు' అని రాస్తే, నిజంగానే హాజరయ్యాడు. ఆ దొంగ బటన్లన్నీ తయారుచేసేది ఈయనే. మేం ఆయనకు పచ్చబటన్ అని పేరు పెట్టుకున్నాం. ఇన్నేళ్ళలో తన ప్రకటనకు 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి జవాబు రాసినవాళ్ళు ఎవరూ లేరని చెబుతూ గద్గదుడయ్యాడు. ఆయన్ని పట్టుకెళ్ళడానికి వచ్చాడేమో అనుకున్న కానిస్టేబులే ఆయనకు మంచినీళ్ళు ఇచ్చాడు.

మంత్రిగారు తన మనసులో ఉన్న బాధ బయటపెట్టారు. పథకానికి సొంత వెబ్‌సైట్ కట్టించారు. దానిలో గేటంత బటన్ పెట్టించారు. దొంగ బటన్ ఒక్కటీ లేదు. అయినా పట్టుమని పదిమంది నొక్కడం లేదు.

"నీ బటన్లు లక్షలమంది నొక్కుతున్నారు కదయ్యా. కిటుకేంటి?"

పచ్చబటన్ వినయంగా చేతులు కట్టుకున్నాడు. "పక్కన అసలుది ఒకటుండాలి సార్. చిన్నగా."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఈసారి ష్ మేడమ్ అవసరం కూడా లేకపోయింది. మంత్రిగారు, రాజకీయాల్లో తనకు ఇన్నాళ్ళూ ఈ ముక్క చెప్పినవాళ్ళు లేరన్నారు. తర్వాత మరో సందేహం అడిగారు. తన సందేశాలు వస్తే జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఎక్కడ పెడితే వింటారు?

"లేచి వెళ్ళలేని చోట పెట్టాలి సార్."

పచ్చబటన్‌ను అక్కడికక్కడే పథకానికి సలహాదారుగా నియమించారు. ముల్లును ముల్లు తయారుచేసే కర్మాగారంలోనే అదుపు చేయాలన్నది మంత్రిగారి కొత్త సిద్ధాంతం. అదే ఊపులో, ప్రజల ఫైళ్ళన్నిటినీ ఆ పాడు వెబ్‌సైట్లనుంచి ప్రభుత్వ భాండాగారంలోకి తరలిస్తామని, మొట్టమొదట తరలించేది ఈ అమ్మ ఫైలేనని, నెలాఖరుకంటే ముందే మీ అందరి ఎదుట వినిపిస్తామని ప్రకటించారు. అందులో ప్రకటనలుండవు కదా బాబూ అని అడిగాను. ఉండవని నా చేతులు పట్టుకుని మాటిచ్చారు. ప్రకటన అంటే డబ్బులడిగేదనీ, తాము ఎన్నడూ డబ్బులడగరనీ చెప్పారు. నేను ఆ రాత్రి ఫోన్ టింగుమన్నా నిద్రపోయాను.

ప్రారంభోత్సవం రోజు గ్రంథాలయానికీ కుర్చీలకూ కొత్త రంగు వేశారు. ఆరలేదు. ముందు వరసలో కూర్చున్న పెద్దలందరి వీపులమీదా నీలం చారలు పడ్డాయి. 'మాట్లాడరాదు' బోర్డుకు గుడ్డ కప్పారు. మౌస్‌కు ఎర్ర రిబ్బను కట్టారు. మంత్రిగారు చేయెత్తి కత్తెర చూపించి, రిబ్బనుతోపాటు మౌస్ తీగ కూడా కత్తిరించారు. చప్పట్లు మారుమోగాయి. రెండో కంప్యూటర్ మౌస్ ఊడదీసి దీనికి తగిలించారు. ఇన్నేళ్ళూ ఊరికే తోడు కూర్చున్న ఆ కంప్యూటర్ జన్మ ఆ రోజు ధన్యమైంది.

మంత్రిగారు బటన్ నొక్కారు. ఎక్కడా ఏదీ దూకలేదు. స్పీకర్లలోంచి మొదట మంచం కిర్రుమన్న చప్పుడు, తర్వాత దగ్గు, తర్వాత అక్క గొంతు.

"ఏమే, వింటున్నావా? దగ్గరికి జరుగు."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఎందుకు జరిగానో నాకే తెలియదు. స్పీకరు నాకు ఎడమపక్కన, చాలా దూరంలో ఉంది.

అక్క కథ మొదలుపెట్టింది. గొంతు సన్నబడింది గాని కథ ఏమీ తగ్గలేదు. తాళాలవాడి కూతురు, దాని నడుముకు చిన్న ఇనపకొక్కెం, కోటలో గబ్బిలాలు, ఒక్కో తలుపూ ఒక్కో రకంగా మొండికేయడం. ఒక తలుపు తుమ్మితే తెరుచుకుంటుంది. ఒక తలుపుకు తాళమే లేదు, ఊరికే భయపెడుతుంది. అవన్నీ నేను మరిచిపోయాననుకున్నాను. హాల్లో వెనక వరసల్లో నిలబడ్డవాళ్ళు కూడా కదలకుండా విన్నారు. కెమెరావాళ్ళు కెమెరాలు దించేశారు. ష్ మేడమ్ నోరు తెరుచుకుని వింటోంది. కథ చివరి తలుపు దగ్గరికి వచ్చింది. లోపలినుంచి ఎవరో కొడుతున్నారు. టక్, టక్, టక్. మంచం కోడుమీద వేలితో కొట్టి చూపించింది అక్క.

"అప్పుడా పిల్ల భయపడుతూ భయపడుతూ తాళం తీసింది. తలుపు తోసింది. తోసి చూస్తే, లోపల..."

"నమస్కారం. నేను మీ మంత్రిని."

నేను ఇటు తిరిగి మంత్రిగారి కేసి చూశాను. ఆయన నోరు కదలడం లేదు. ఆ గొంతు స్పీకర్లలోంచే వస్తోంది. నిష్కంటక డౌన్‌లోడ్ పథకం లక్ష్యాల గురించీ, ప్రకటనల బెడద లేని సమాజం గురించీ, అందుకు మళ్ళీ తమనే ఆశీర్వదించవలసిన ఆవశ్యకత గురించీ చాలా చక్కగా చెప్పింది. హాలులో ఒక్కరూ లేవలేదు. లోపల ఎవరున్నారో తెలియకుండా ఎవరు లేస్తారు? 'మీ అందరికీ మరొక్కసారి ధన్యవాదాలు' అని ముగిసింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. స్పీకర్లు టప్‌మని ఆగిపోయాయి.

జనం పెద్దపెట్టున చప్పట్లు కొట్టారు. నేను పి.ఏ. దగ్గరికెళ్ళి, తర్వాతది పెట్టించు నాయనా అన్నాను.

"అయిపోయిందమ్మా. అంతే" అన్నాడు.

ఆయన నాకు ఓపిగ్గా వివరించాడు. ఫైలును తరలించేటప్పుడు దాని నిడివి పెరగకూడదని నిబంధన ఉంది. ప్రజల ఫైలు ఎంత వచ్చిందో అంతే తిరిగి ఇవ్వాలి. లేకపోతే ఆడిట్‌వాళ్ళు ఊరుకోరు. మంత్రిగారి సందేశం ఎంత చేరిందో, చివరనుంచి అంతే తగ్గించారు. ఎక్కడా ఒక్క క్షణం తేడా రాలేదు. మరి ఆ పాత వెబ్‌సైట్‌లో ఉన్నదో అంటే, ఒకే ఫైలు రెండుచోట్ల ఉండటం పద్ధతి కాదు కనక నెలాఖరుదాకా ఆగకుండా ముందే చెరిపించామని, ఇక నేను నిశ్చింతగా ఉండవచ్చని చెప్పాడు.

సలహాదారు పచ్చబటన్ స్పీకరు తీగలు చుడుతూ కనిపించాడు. గబగబా వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"సందేశం పెట్టింది నువ్వే కదూ బాబూ? అంతా విన్నావు కదా. తలుపు వెనక ఎవరు?"

ఆయన నొచ్చుకున్నాడు. మనిషి నిజంగానే నొచ్చుకున్నాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. "లేదు బామ్మగారూ. అక్కడిదాకా వినేసరికే, ఇంతకంటే మంచిచోటు దొరకదనిపించింది. ఇంకెందుకని ఆపేశాను."

మంత్రిగారు బయల్దేరబోతూ నా దగ్గర ఆగారు. కెమెరాలు చుట్టుముట్టాయి. "ఎలా ఉందమ్మా?" అని ఆప్యాయంగా అడిగారు.

"మీది చివరిదాకా ఉంది బాబూ" అన్నాను.

మరునాడు పేపర్లో 'చివరిదాకా ఉంది: లబ్ధిదారు ఆనందబాష్పాలు' అని వేశారు. ఫొటోలో నా వీపుమీద నీలం చారలు కూడా పడ్డాయి.

కొన్నాళ్ళకు పథకం వేరే ప్రాంతానికి తరలిపోయింది. బోర్డుమీది గుడ్డ తీసేశారు. గ్రంథాలయంలో మళ్ళీ మేమిద్దరమే మిగిలాం. ఒక మధ్యాహ్నం నేను పేపరు చదువుకుంటుంటే ష్ మేడమ్ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చుట్టూ చూసింది. గుసగుసలాడలేదు. నేను ఆవిడ గొంతు మామూలుగా వినడం అదే మొదలు.

"నాకు నిద్ర పట్టడం లేదు పెద్దమ్మా. ఆ పిల్ల తలుపు తోసింది కదా. లోపల ఎవరున్నారు?"

"నువ్వూ విన్నావుగా. మంత్రిగారు."

వీధిలో ఏదో బండి హారన్ కొడుతూ పోయింది. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు.

"అయితే మరి ఆ పిల్ల ఏం చేసింది?"

"ఏం చేస్తుంది? తలుపు దగ్గరికి లాగి, మళ్ళీ తాళం వేసింది."